తెలియుట వేరు, చేయుట వేరు

చేతులు సబ్బుతో కడుగుకొనవలెనని తెలియనివారు నేడు అరుదు. బడిపిల్లవాని నడిగినను చెప్పును. వాని తల్లి నడిగినను చెప్పును. అయినను అయిదేండ్లు నిండని పిల్లలు ఏటేట సుమారు 4,40,000 మంది అతిసారమువలన చనిపోవుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో లెక్క చూపినది. ఈ మరణములకు మురికినీరు, పోషకాహార లోపము, వేళకు వైద్యము అందకపోవుట మొదలగు కారణములు పెక్కు కలవు. కాని చేతినుండి నోటికి చేరు మాలిన్యము పాలు అందులో తక్కువ కాదు. సబ్బు దొరకని వస్తువు కాదు. అది పనిచేయునా అను సందేహమును లేదు. మరి లోపమెక్కడ నున్నది?

ఈ ప్రశ్ననే పట్టుకొని పనిచేయు వృత్తి యొకటి ప్రజారోగ్య రంగమున గత కొన్ని దశాబ్దములలో ఏర్పడినది. ఈ వృత్తిలో నున్నవారిని ప్రవర్తన పరివర్తన సలహాదారులందురు. పేరు బరువైనదే గాని పని సులభముగనే అర్థమగును. టీకా వేయించుకొనుట, దోమతెరలో పడుకొనుట, క్షయరోగపు మందులను నడుమ మానకుండుట, మరుగుదొడ్డి వాడుట - ఇట్టి పనులు మంచివని తెలిసియు జనులు ఏల చేయుటలేదో కనిపెట్టి, చేయించు మార్గమును ప్రభుత్వములకు, యూనిసెఫ్ వంటి సంస్థలకు సూచించుట వీరి విధి. వీరందరును వైద్యులు కారు. మానవశాస్త్రము, మనస్తత్వశాస్త్రము, గణాంకశాస్త్రము, తుదకు వ్యాపార ప్రకటనల విద్య చదివినవారును వీరిలో కలరు.

తెలుపుటకును చేయించుటకును గల దూరమును వైద్యలోకము చాలాకాలము క్రిందటనే చవిచూచినది. 1847లో వియన్నా నగరపు ప్రసూతి వైద్యశాలలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు, శవపరీక్ష ముగించి నేరుగా కాన్పుగదికి వచ్చు వైద్యులచే క్లోరిన్ సున్నపు నీటితో చేతులు కడిగించెను. ఆ ఏడు ఏప్రిల్‌లో నూటికి 18 మంది బాలింతలు చనిపోయిన వార్డులో జూన్ నాటికి ఆ సంఖ్య 2కు దిగెను. ఇంతకన్న గట్టి నిదర్శన మేమి కావలెను? అయినను తోటివైద్యులు పెక్కురు ఒప్పుకొనలేదు. "మీ చేతులే చంపుచున్నవి" అను మాటను ఏ వైద్యుడు సంతోషముతో వినును? సెమ్మెల్‌వైస్ తన గ్రంథమును 1861 వరకు ప్రకటింపనే లేదు. 1865లో పిచ్చాసుపత్రిలో మరణించెను. ఆయనకు మందు దొరికినది గాని, దానిని ఇతరుల మనస్సునకు ఎక్కించు దారి దొరకలేదు.

నేటి సలహాదారు మొట్టమొదట నేర్చుకొను పాఠము ఏమనగా, జనులను అడిగి తెలిసికొనరాదు, చూచి తెలిసికొనవలెను. ఆఫ్రికాలోని ఘనా దేశమున 2003 ప్రాంతమున సబ్బు వాడుకను గూర్చి ఒక ఉద్యమము ప్రారంభించుటకు ముందు ఇండ్లలో కూర్చుండి పరిశీలించిరి. సబ్బు లేని ఇల్లు దాదాపు లేదు. బట్టలుదుకుటకు, అంట్లు తోముటకు, స్నానమునకు అందరును వాడుచుండిరి. కాని మలవిసర్జన తరువాత సబ్బుతో చేతులు కడుగుకొన్న తల్లులు నూటికి 4 మంది మాత్రమే! అబద్ధమాడవలెనని ఎవరికిని ఉండదు. మర్యాదయైన జవాబు నోటికి తొందరగా వచ్చును, అంతే.

చూచుటలోను చిక్కు కలదు. కొత్తమనిషి పుస్తకము పట్టుకొని పెరటిలో కూర్చున్నచో ఇంటివారు రోజుకన్న శుభ్రముగా నుందురు. ఎంత శుభ్రముగా? బంగ్లాదేశ్‌లో పరిశోధకులు సబ్బుబిళ్ళలోనే కదలికను గుర్తించు చిన్న యంత్రమును దాచి లెక్కించిరి. పరిశీలకుడు వచ్చిన వేళలలో సబ్బు నూటికి 35 వంతులు అదనముగా కదలినదని 2010లో ప్రకటించిరి. అందుచేత పరిశీలకులు తాము చేతులను చూడవచ్చితిమని చెప్పక, ఇంటిలో నీటి వాడుకను చూడవచ్చితిమని చెప్పుట ఆచారమైనది.

ఇక రెండవ ప్రశ్న. కడుగుకొననివారు ఏల కడుగుకొనరు అనుదానికన్న, కడుగుకొనువారు ఏల కడుగుకొందురు అనునదే ముఖ్యమైనది. లండన్‌లోని పరిశుభ్రతా, ఉష్ణమండల వైద్య విద్యాలయమున పనిచేసి 2020లో మరణించిన వాలరీ కర్టిస్ అను శాస్త్రజ్ఞురాలు ఈ ప్రశ్నకే జీవితము నర్పించినది. ఆమె మొదట చదివినది ఇంజనీరింగు. సూక్ష్మజీవుల భయముచేత చేతులు కడుగుకొనువారు అరుదని ఆమె అనేక దేశములలో కనిపెట్టెను. చేయి జిడ్డుగా నున్నదనియు, వాసన వేయుచున్నదనియు, నలుగురు ఏమనుకొందురోయనియు, బిడ్డను చక్కగా పెంచవలెననియు కడుగుకొందురు. వీనిలో ఏవగింపు మిక్కిలి బలమైనది. కుళ్ళిన మాంసము, మలము, చీము చూడగనే ముఖము ముడుచుకొనుట ఏ బడిలోను నేర్చినది కాదు. సూక్ష్మజీవుల పేరైన తెలియని కాలమున మన పూర్వులను రోగములనుండి కాపాడిన స్వభావమది. ఘనా ఉద్యమమువారు దీనినే ఉపయోగించిరి. టెలివిజన్ ప్రకటనలో తల్లి మరుగుదొడ్డినుండి వెలుపలికి వచ్చును. చేతికంటిన ఊదారంగు మరక ఆమె ముట్టిన ప్రతి వస్తువునకు, తుదకు బిడ్డ తిను అన్నమునకు అంటుకొనును. రోగమను మాట అక్కడ అక్కరలేకపోయినది.

ఇదే ఆలోచనను మన చిత్తూరు జిల్లాలో మరింత గట్టిగా పరీక్షించిరి. (2022 నాటి విభజనకు పూర్వపు జిల్లా యని గ్రహింపవలెను.) లండన్ విద్యాలయమువారును, బెంగుళూరులోని సెయింట్ జాన్స్ పరిశోధన సంస్థవారును, ఒక ప్రకటనల సంస్థయు కలిసి 14 గ్రామములను ఎన్నుకొనిరి. చీట్లు వేసినట్లు వానిని రెండుగా విభజించి, 7 గ్రామములలో కార్యక్రమము జరిపి, తక్కిన 7 గ్రామములను పోల్చుటకై ఉంచిరి. కొత్త మందును పరీక్షించునపుడు అనుసరించు పద్ధతియే యిది. ఉపన్యాసమునకు ఇట్టి పరీక్ష ఎవరైన పెట్టుదురా? పెట్టవలెననుటయే ఈ విద్యలోని విశేషము.

కార్యక్రమమునకు "సూపర్ అమ్మ" యని పేరు. బొమ్మల చలనచిత్రములో ఒక పల్లెటూరి తల్లి కొడుకునకు మంచి మర్యాదలు నేర్పును. చేతులు కడుగుకొనుట వానిలో నొకటి. వాడు పెరిగి డాక్టరగును, తన వృద్ధికి తల్లియే కారణమని చెప్పును. ఆమెకు ఎదురుగా హాస్యగాడు లడ్డు లింగం. వాడు మట్టితోను పురుగులతోను లడ్డులు చుట్టును. చేతులు మాత్రము కడుగడు. పిల్లలు ఛీ ఛీ యని అరచుటయే ఆ పాత్రకు ప్రయోజనము. బడిలోను గ్రామసభలోను ఆటలు, నాటికలు జరిగినవి. తల్లులు అందరి యెదుట ప్రతిజ్ఞ చేసిరి. ఇంతలో ఎక్కడను సూక్ష్మజీవుల ప్రసక్తి గాని, అతిసారపు బెదిరింపు గాని లేదు. ఆరోగ్యశాఖవారి గోడపత్రికలు చదువుటకు అలవాటుపడిన వారికి ఇది వింతగా తోచును.

ఫలితములు 2014లో ప్రకటింపబడినవి. ప్రారంభమున, కడుగుకొనవలసిన ముఖ్య సందర్భములలో సబ్బు వాడినది నూటికి 1 లేక 2 సార్లు మాత్రమే. ఆరు వారములకు కార్యక్రమము జరిగిన గ్రామములలో అది 19 అయినది, జరుగనివానిలో 4. ఆరు నెలలకు 37, 6. తరువాత మిగిలిన 7 గ్రామములలోను కార్యక్రమమును కుదించి జరిపిరి. ఏడాది చివర రెండు వర్గములును 29 వద్ద సమానముగ నిలిచినవి. ఆరు నెలల వరకు పెరిగిన అంకె మరల కొంత తగ్గుటను గమనింపవలెను. నూటికి 71 సందర్భములలో సబ్బు ముట్టలేదన్న సంగతిని గూడ మరువరాదు. అయినను ఒకటినుండి ఇరువది తొమ్మిదికి వచ్చుట, ఈ రంగపు చరిత్ర తెలిసినవారికి, అల్ప విషయము కాదు.

మనస్సును కదిలింపకయే చేతిని కదిలించు మార్గమును కలదు. బంగ్లాదేశ్‌లోని రెండు పాఠశాలలలో మరుగుదొడ్డినుండి చేతులు కడుగు తొట్టివరకు బాటపై అడుగుల గుర్తులు చిత్రించి, తొట్టిమీద అరచేతుల బొమ్మలు వేసిరి. ఉపదేశ మేమియు లేదు. పిల్లలు అడుగులలో అడుగులు వేయుచు పోయి చేతులు కడుగుకొనిరి. మొదట నూటికి 4 మంది, పని ముగిసిన మరునాడు 68 మంది, ఆరు వారములకు 74 మంది సబ్బు వాడిరని 2016లో వెల్లడించిరి. రెండు బడుల సంగతిని లోకమంతటికి అన్వయింపరాదు. కాని రంగుడబ్బాకు ఖర్చెంత?

సలహాదారునకు ముందు తన కార్యకర్తలనే మార్చవలసిన అవసరము కలుగవచ్చును. మూడు వ్రేళ్ళ చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లము, అర సేరు నీరు కలిపి అతిసార రోగికి త్రాగించుటను బ్రాక్ అను సంస్థ 1980 నుండి 1990 వరకు బంగ్లాదేశ్‌లో ఇల్లిల్లు తిరిగి నేర్పినది. ఆ ఇండ్లు కోటి ఇరువది లక్షలకు పైమాటే. మొదట తల్లులు పాఠమును చక్కగా అప్పగించిరి గాని ద్రవమును వాడలేదు. విచారింపగా, నేర్పిన కార్యకర్తలలోనే పలువురు తమకు విరేచనములైనపుడు దానిని త్రాగుటలేదని తేలినది! ఆ మీదట కార్యకర్తలకు ఆ ద్రవము ఎట్లు పనిచేయునో వివరించిరి. తల్లుల యెదుట వారే త్రాగి చూపిరి. మగవారికి సంతలలోను మసీదులలోను చెప్పిరి. తల్లులకు ఎంత గుర్తున్నదో పరీక్షించి దానినిబట్టి కార్యకర్తలకు జీతమిచ్చిరి.

ఆజ్ఞ పనిచేయని చోటులును కలవు. 2014 నుండి 2016 వరకు గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశములలో ఎబోలా వ్యాధి 11,300 మందికి పైగా ప్రాణములు తీసినది. శవమును కడుగుట, ముట్టుట వ్యాధివ్యాప్తికి ముఖ్యకారణము. మొదట ముసుగుల వారు వచ్చి, ప్రార్థనైన లేక, శవమును సంచిలో కట్టి కొనిపోయిరి. జనులు శవములను దాచిరి, రాత్రులయందు పాతిపెట్టిరి. 2014 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ మతపెద్దలతోను మానవశాస్త్రజ్ఞులతోను సంప్రదించి, క్రైస్తవులకు, ముస్లిములకు తగినట్లు గౌరవముతో కూడిన క్షేమకరమైన ఖనన పద్ధతిని రూపొందించినది. కన్నతల్లిని ప్రార్థన లేక పంపుమనుట ఏ శాస్త్రజ్ఞునకైనను తగదని ముందే తోచవలసినది.

ఈ విద్యకు గల పరిమితిని గూడ చెప్పవలెను. చిత్తూరు పరిశోధనలో కొలిచినది అలవాటును, రోగమును కాదు. రోగమునే కొలిచిన రెండు పెద్ద పరిశోధనలు 2018లో వెలువడినవి. ఒకటి బంగ్లాదేశ్‌లోనిది, ఒకటి కెన్యాలోనిది. బంగ్లాదేశ్‌లో సాధారణ గ్రామములందు నూటికి 5.7 మంది పిల్లలకు అతిసారముండగా, చేతుల శుభ్రత నేర్పిన చోట 3.5కు తగ్గినది. కెన్యాలో తగ్గనే లేదు. బంగ్లాదేశ్‌లో కార్యకర్త ఒక్కొక్క ఇంటికి నెలకు సుమారు ఆరు మారులు పోయి, వాకిట చేతులు కడుగు నీటితొట్టి యున్నదా, సబ్బునీరు నిండియున్నదా యని చూచుచుండెను. కెన్యాలో నెలకు ఒకమారు పోయిరి. రెండు దేశముల మధ్య భేదములు మరికొన్ని యున్నను, ఇది కొట్టివేయదగినది కాదు. నెలకు ఆరుసార్లు గుమ్మము తొక్కు కార్యకర్తకు జీతమెవరు ఇత్తురు, బోరింగు ఎండిన వేసవిలో ఆ తొట్టిని ఎవరు నింపుదురు అను ప్రశ్నలు సలహాదారు నివేదికనుండి జిల్లా కచేరి బల్లమీదికి పోవును.