గన్ బైబ్యాక్

పౌరుల దగ్గరున్న తుపాకులను ప్రభుత్వమే డబ్బిచ్చి తీసుకుని ధ్వంసం చేయడం గన్ బైబ్యాక్. 2025 డిసెంబరులో సిడ్నీ బోండై బీచ్ కాల్పుల తర్వాత ఆస్ట్రేలియా ప్రధాని ఆల్బనీస్ దీన్ని ప్రకటించడంతో ఈ మాట మళ్లీ వార్తలకెక్కింది.

మళ్లీ అనడానికి కారణముంది. 1996లో పోర్ట్ ఆర్థర్‌లో ఓ దుండగుడు 35 మందిని చంపాక, ఆస్ట్రేలియా సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లను చాలావరకు నిషేధించి, సుమారు 6.5 లక్షల తుపాకులను వెనక్కి తీసుకుంది. ఖర్చు కోసం, ప్రజారోగ్య పథకానికి వసూలు చేసే మెడికేర్ పన్నును ఏడాదిపాటు 1.5 నుంచి 1.7 శాతానికి పెంచింది. ఆయుధం మీరు కొనకపోయినా బిల్లులో మీ వాటా ఉందన్నమాట!

క్రైస్ట్‌చర్చ్ మసీదులపై దాడుల తర్వాత 2019లో న్యూజిలాండ్‌దీ అదే బాట. గుర్రప్పందేల మైదానం లాంటి చోట్ల బల్లలు వేసి, పోలీసులు ఒక్కో తుపాకీ స్థితి చూసి ధర కట్టారు. కొత్తదానికి ఎక్కువ, అరిగినదానికి తక్కువ. తర్వాత హైడ్రాలిక్ యంత్రంతో నలిపేశారు.

ఈ రెండుచోట్లా నిషేధించిన ఆయుధాన్ని ఇచ్చి తీరాలి. మనవాళ్లు లక్షల్లో ఉన్న అమెరికాలో అలా కాదు. అక్కడ ఆయుధం రాజ్యాంగ హక్కు. నగర పోలీసులు గిఫ్ట్ కార్డులిస్తామని పిలుస్తారు, యజమానులు ఇష్టమైతేనే తుపాకులు ఇస్తారు. పాత, పనిచేయని తుపాకులే ఎక్కువగా వస్తాయన్నది విమర్శ. ఆస్ట్రేలియాలో తగ్గిన తుపాకీ మరణాల్లో బైబ్యాక్ వాటా ఎంతన్నదీ పరిశోధకుల్లో తెగని వాదనే.

ఎన్నికలప్పుడు మన ఠాణాల్లో లైసెన్సు తుపాకులు జమ చేయించుకోవడం దీని కిందకు రాదు. అవి ఎన్నికల కోడ్ ముగిశాక యజమానికే తిరిగి వెళ్తాయి.