మౌఖిక పరీక్షకు వేళ

యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషనువారి సివిల్ సర్వీసు మౌఖిక పరీక్ష జరుగు ఢిల్లీలోని ధోల్‌పూర్ హౌసునకు ఉదయపు విడత అభ్యర్థులు 9 గంటలకును, మధ్యాహ్నపు విడతవారు 1 గంటకును హాజరు కావలయును. పత్రముల పరిశీలనయు అచ్చటనే జరుగును. ఏండ్ల తరబడి చదివి, ప్రిలిమినరీ, మెయిన్స్ పరీక్షలను గట్టెక్కి వచ్చినవాడు, శీతకాలపు పొగమంచులో గంటలకొలదిని ఆలస్యమగు రైలును నమ్ముకొని, ఆ ఉదయముననే రాజధానిలో దిగఁదలఁచుట దుస్సాహసమే యగును. ఆలస్యముగ వచ్చినవాఁడు, ఊపిరి కుదుటపడకమునుపే ప్రశ్న నెదుర్కొని, తెలిసిన సమాధానమునే తడబడి చెప్పును. కావున దూరప్రాంతపు అభ్యర్థులారా, ఒకనాఁడు ముందుగా నగరము చేరి, కార్యాలయ ద్వారమును చూచివచ్చి, ఆ రాత్రి నిశ్చింతగ నిదురింపుఁడు.