డేవ్ ఎందుకు ఆగి ఆగి నడిచేవాడు?

ఆరో తరగతిలో మా స్కూల్ కంప్యూటర్ ల్యాబ్‌లో సార్ అటు తిరగగానే అందరం ఓపెన్ చేసే గేమ్ ఒకటే, డేంజరస్ డేవ్. టోపీ పెట్టుకున్న చిన్న బొమ్మ. వజ్రాలు ఏరుకోవాలి, మంటల మీంచి దూకాలి, కప్పు దొరికితేనే తలుపు తెరుచుకుంటుంది. మొత్తం 10 లెవెల్సే. మారియో అంటే అందరికీ గౌరవం. డేవ్ అంటే మాత్రం "ఆ ల్యాబ్ గేమా!" అని నవ్వేస్తారు. ఈ సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్ దాకా నేనూ అంతే.

ఆడినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. డేవ్ తెర అంచుకి రాగానే ఆట ఆగిపోతుంది, సీన్ మొత్తం పక్కకి జరుగుతుంది, తర్వాతే మళ్ళీ కదలగలం. మారియోలో అలా కాదు, తెర అతనితో పాటే సాఫీగా సాగుతుంది.

కారణం మెషీన్‌లో ఉంది. జాన్ రొమెరో ఈ గేమ్‌ని 1988లో ఆపిల్ 2 కోసం రాశాడు. మనం ఆడిన డాస్ వెర్షన్ 1990లో వచ్చింది. నింటెండో బాక్స్‌లో తెరని జరపడానికి విడిగా హార్డ్‌వేర్ ఉండేది. అప్పటి పీసీలో 320×200 తెర, అంటే 64,000 చుక్కలు. అడుగు అడుగుకీ అవన్నీ మళ్ళీ గీయడం దాని వల్ల కాదు. అందుకే డేవ్ ఆగి ఆగి వెళ్తాడు.

కానీ నాకు నచ్చేది కూడా అదే. తెర కదలదు కాబట్టి ప్రతి సీన్ ఒక పజిల్‌లా ఉంటుంది. ముందు చూడాలి, లెక్కేసుకోవాలి, అప్పుడు దూకాలి. చచ్చిపోతే తప్పు మనదే.

1990 సెప్టెంబర్‌లో, రొమెరో పనిచేసే సాఫ్ట్‌డిస్క్ కంపెనీలోనే జాన్ కార్మాక్, టామ్ హాల్ ఒక రాత్రంతా కూర్చుని మారియో 3 మొదటి లెవెల్‌ని పీసీలో కట్టేశారు. అందులో హీరో మన డేవే! కార్మాక్ ఐడియా సింపుల్. బాత్రూమ్ గోడలా తెర నిండా టైల్స్ ఉన్నాయనుకోండి. సీన్ ఒక టైల్ జరిగితే, ఆకాశం ఉన్న చోటికి చాలావరకు ఆకాశమే వస్తుంది. దాన్ని మళ్ళీ గీయడం దేనికి? మారిన టైల్స్ గీస్తే చాలు. మధ్యలో ఉండే చిన్న చిన్న కదలికలు గ్రాఫిక్స్ కార్డు చూసుకుంటుంది. ఆ టెక్నిక్‌తోనే అదే డిసెంబర్‌లో కమాండర్ కీన్ వచ్చింది. 1991లో వీళ్ళే ఐడీ సాఫ్ట్‌వేర్ పెట్టారు, 1993లో డూమ్ చేశారు.

ఇక నా సంగతి. పైగేమ్‌లో చేసిన నా ప్రాజెక్ట్ నా పాత లాప్‌టాప్‌లో నత్తలా నడిచింది. "కొత్తది కొనుక్కో" అన్నారు ఫ్రెండ్స్. నాన్నకి ఫోన్ చేసి ఎలా అడగాలో రెండు రోజులు రిహార్సల్ కూడా వేసుకున్నా. ఆ గ్యాప్‌లో కార్మాక్ కథ చదివి నా కోడ్ చూసుకుంటే సిగ్గేసింది. ఏమీ కదలకపోయినా ప్రతి ఫ్రేమ్‌లో మ్యాప్ మొత్తం టైల్ టైల్‌గా మళ్ళీ గీస్తున్నా. మ్యాప్‌ని ఒకేసారి గీసి పెట్టుకుని, కావాల్సిన ముక్కనే తెర మీదకి తెచ్చా. అదే లాప్‌టాప్‌లో గేమ్ పరిగెత్తింది.

నాన్నకి ఫోన్ చేశా, కానీ ఊరికే, తిన్నావా అని అడగడానికి.

ఈ వీకెండ్ ఒకసారి డేవ్ ఆడండి. తెర ఆగినప్పుడు విసుక్కోకుండా, ఎందుకు ఆగిందో ఆలోచించండి.