సెల్లార్లో హైబ్రిడ్ కారు: భయం ఎంత, నిజం ఎంత?

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ అపార్టుమెంట్లలో సెల్లార్ పార్కింగ్ గొడవల జాబితాలోకి ఇప్పుడు బ్యాటరీ కూడా చేరింది. ఊరికే రాలేదు ఆ భయం. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు రేగి, పొగ పైనున్న లాడ్జిని కమ్మేసి 8 మందిని బలి తీసుకుంది. కాకపోతే ఆ స్కూటర్ల భయాన్నే తెచ్చి ప్రతి హైబ్రిడ్ కారుకూ అంటగడుతున్నారు.

అపోహ: హైబ్రిడ్ అంటే రాత్రంతా ఛార్జింగ్ పెట్టే బండే.

మన రోడ్లమీద తిరిగే హైబ్రిడ్లలో చాలావాటికి అసలు ప్లగ్గే ఉండదు. ఇంజిన్ తిరిగేటప్పుడు, బ్రేకు తొక్కినప్పుడు బ్యాటరీ దానంతటదే నిండుతుంది. హైరైడర్, గ్రాండ్ విటారాల స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో బ్యాటరీ 0.76 కిలోవాట్ అవర్. ఇన్నోవా హైక్రాస్‌లోదైతే లిథియమే కాదు, నికెల్ మెటల్ హైడ్రైడ్. మంటల ప్రమాదంతో అమెరికాలో రీకాల్ అయిన క్రైస్లర్ పసిఫికా, జీప్ రాంగ్లర్ 4xeలు వేరే జాతి: ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసేవి, 16, 17 కిలోవాట్ అవర్ల బ్యాటరీలు. అక్కడి మంటల వీడియోలు చూసి ఇక్కడి హైక్రాస్‌ను సెల్లార్లోంచి గెంటెయ్యడం అన్యాయం.

అపోహ: తాళం తీసేసిన బండికి ఏమీ కాదు.

ఇదే అసలు ప్రమాదకరమైన నమ్మకం. పసిఫికాల్లో కొన్ని ఆపి ఉంచినప్పుడే అంటుకున్నాయి. అందుకే బాగుచేసేదాకా ఇళ్లకు దూరంగా, ఆరుబయట పెట్టుకోమని 2022లో కంపెనీయే చెప్పింది. మన మోడల్‌కు అలాంటి నోటీసొస్తే సెల్లార్ మాట మరిచిపోవాల్సిందే.

అన్నట్టు, చాలా హైబ్రిడ్లలో వెనక సీటు దగ్గర జాలీలాంటి రంధ్రాలుంటాయి. బ్యాటరీకి చల్లగాలి వెళ్లే దారి అది. మనవాళ్లు ముచ్చటపడి కుట్టించే సీటు కవర్లు దాన్ని మూసేస్తాయి. ఆ బ్యాటరీ కరెంటును మోసే నారింజ రంగు వైర్లుంటాయే, వాటి జోలికి మీ వీధి మెకానిక్‌ను అస్సలు పోనివ్వకండి.

అపోహ: రీకాల్ అయిందంటే డొక్కు బండి.

చాలాసార్లు తనిఖీ, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, లేదా ఒక భాగం మార్పిడి. ఖర్చు కంపెనీదే. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో స్కూటర్ బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు చనిపోయాక, దాన్ని తయారుచేసిన హైదరాబాద్ కంపెనీ ప్యూర్ ఈవీ 2,000 బండ్లను వెనక్కి పిలిచింది. అదే నెలలో ఒకినావా 3,215, ఓలా 1,441 పిలిచాయి. పిలిచిన కంపెనీకంటే, లోపం తెలిసీ నోరు మెదపని కంపెనీ గురించే నాకు దిగులు. 2021 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వమే రీకాల్‌కు ఆదేశించవచ్చు. అప్పుడు కంపెనీకి పడే జరిమానా 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా ఉంటుంది.

అపోహ: రీకాల్ ఉంటే వాళ్లే ఫోన్ చేస్తారు.

చేస్తారు, మొదటి ఓనరుకు! సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి పాత నంబరుకే కబురు పోతుంది. ఆర్‌సీ మీదున్న ఛాసిస్ నంబరును కంపెనీ వెబ్‌సైట్లో కొట్టి చూడండి, లేదంటే సర్వీసింగ్‌కు వెళ్లినప్పుడు సర్వీస్ అడ్వైజర్‌ను అడగండి. బేరం కుదిరి అడ్వాన్స్ చేతిలో పెట్టకముందే అడిగితే ఇంకా మంచిది.