మోకాటి కీలువాతమునకు తాయ్ చీ వ్యాయామము

మానవదేహము నందలి కీళ్లలో మోకాలు మిక్కిలి పెద్దది; మిక్కిలి శ్రమపడు వానిలోనిదియు నదియే. నడివయసు దాటినవారికి ఈ కీలునందు గలుగు బాధను జనులు మోకాళ్లనొప్పులనియు, కీళ్లవాతమనియు వ్యవహరింతురు. ఇందు మిక్కిలి తరచుగా కానవచ్చు దానిని వైద్యులు ఆస్టియో ఆర్థ్రైటిస్ అందురు. ఎముకల కొనలను గప్పియుండు నున్నని మృదులాస్థి క్రమముగా పలుచబడుట, కీలు బిరుసెక్కుట, అంచులయందు ఎముక పెరుగుట, లోపొర వాచుట దీని లక్షణములు.

నొప్పి మొదలైనవారు సాధారణముగా కదలుట మానుదురు. అరిగిన కీలును కదల్చినచో మరింత అరుగునేమో యను భయము సహజమే. కాని ఫలితము విపరీతముగా నుండును. మోకాటిని నిలబెట్టునవి ముఖ్యముగా తొడ ముందుభాగపు కండరములు. వాడుక లేనిచో అవి క్షీణించును; అవి క్షీణింపగా కీలు పట్టు తప్పును; పట్టు తప్పగా నడక మరింత బాధాకరమగును. ఇట్లొకటి మరియొకదానికి కారణమై, మెట్టెక్కి దిగిన మనిషిని మూలను కూర్చుండబెట్టును. మృదులాస్థికి రక్తనాళములు లేవు. కీలు ముడుచుచు చాచుచున్నపుడు, కీలునందలి ద్రవమునుండి దానికి పోషణ చేకూరును. కావున మితమైన కదలిక కీలునకు ఆహారము వంటిది.

ఇట్టి మితమైన కదలికకు తాయ్ చీ మంచి నిదర్శనము. ఇది చీనాదేశపు యుద్ధవిద్య. హెనాన్ ప్రాంతమందలి చెన్ కుటుంబీకుల గ్రామమున 17వ శతాబ్దమున ఇది రూపొందినదని ప్రసిద్ధి. 19వ శతాబ్దమున యాంగ్ లూచాన్ దీనిని పెకింగు నగరమున బోధించెను. 1956లో చీనా క్రీడాశాఖవారు దీనిని 24 భంగిమలుగా సంక్షేపించిరి. 2020లో యునెస్కో దీనిని మానవజాతి సాంస్కృతిక వారసత్వముల పట్టికలో జేర్చెను.

ఇందు మోకాళ్లను కొలదిగా వంచి, నడుమును నిలువుగానుంచి, దేహభారమును ఒక కాలినుండి రెండవ కాలికి మెల్లగా మార్చుదురు. గెంతుటయు, కుదుపును లేవు. దీనివలన తొడకండరములు బలపడును. తూలక నిలుచు నేర్పు అలవడును. దీర్ఘశ్వాసము, ఏకాగ్రత మనస్సునకు నెమ్మది గూర్చును.

ఇది వట్టి విశ్వాసము గాదు. అమెరికా దేశమందు బోస్టన్ నగరమున డాక్టరు చెన్‌చెన్ వాంగ్ ప్రభృతులు జరిపిన పరిశీలన 2016లో ప్రకటింపబడినది. అందు 204 మంది రోగులు పాల్గొనిరి. కొందరు 12 వారములపాటు వారమునకు రెండుమార్లు తాయ్ చీ అభ్యసించిరి; తక్కినవారు ఫిజియోథెరపీ పొందిరి. ఉభయులకును నొప్పి ఇంచుమించు సమానముగా తగ్గెను. మనోవ్యాకులత తగ్గుటలో తాయ్ చీ వారిదే పైచేయి యయ్యెను. 2019లో అమెరికా కీళ్లవైద్యుల పరిషత్తు మోకాటి, తుంటి కీలువాతములకు దీనిని గట్టిగా సిఫారసు చేసెను.

అయినను దీని హద్దుల నెరుగవలెను. అరిగిన మృదులాస్థిని ఇది తిరిగి మొలిపింపజాలదు. నొప్పిని తగ్గించి, కదలికను మెరుగుపరచును. అభ్యాసకులు మోకాలిని లోతుగా వంపరాదు. దానిని కాలివ్రేళ్లను దాటి ముందునకు పోనీయరాదు. పాదము నేలకు నాటియుండగా మోకాలిని మెలిత్రిప్పరాదు. తూలువారు కుర్చీని పట్టుకొని గాని, కుర్చీలో కూర్చుండి గాని ఆరంభింపవచ్చును. కీలు అకస్మాత్తుగా వాచి యెఱ్ఱబడినను, జ్వరము తోచినను, దెబ్బ తగిలినను ముందుగా వైద్యుని జూడవలెను. స్థూలకాయులు బరువు తగ్గించుకొనుట వ్యాయామమునకు తోడుగా నావశ్యకము.

ఈ విద్యకు ఉపకరణములు వలదు. జారని నేల, వదులైన దుస్తులు, తెలిసిన శిక్షకుడు చాలును. నలుగురు పెద్దలు కలిసి అభ్యసించినచో ఒకరి పట్టుదల మరియొకరికి ఊతమగును. పరుల చేయూత లేక పెరటికి, గుడికి, బంధువుల యింటికి నడిచిపోగలుగుట వృద్ధాప్యమున సామాన్య సంపద గాదు. ఆ సంపదను నిలుపుకొనుటకు నెమ్మదియైన అడుగులే మార్గము.