కాలినడకన జయపురం

ఒక ఊరిని తెలుసుకోవాలంటే నడిచి చూడాలి. బస్సు కిటికీలోంచి మేడలు, అంగళ్ళు మాత్రమే కనిపిస్తాయి. నడుస్తూ, ఆగుతూ, అడుగుతూ వెళితే ఆ ఊరి కథ తెలుస్తుంది. ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో అలా చూడదగిన పాత పట్టణం జయపురం.

రాజస్థాన్‌లోని జైపూర్ వేరు. అది 1727లో వెలిసింది. మన జయపురం అంతకు ముందే, 17వ శతాబ్దంలోనే, ఒక సంస్థానానికి రాజధాని అయింది. అప్పటివరకు నందపురం రాజధానిగా ఉండేది.

ఉదయం ఎండ ముదరకముందే బయలుదేరండి. మొదట రాజమహలు సింహద్వారం దగ్గర నిలబడండి. అనుమతి లేకుండా లోపలికి వెళ్ళకూడదు. బయటి నుంచే ద్వారం ఎత్తును, గోడల పాతదనాన్ని గమనించవచ్చు. దసరాకు చుట్టుపక్కల పల్లెల నుంచి గ్రామదేవతల గుర్తులుగా కర్రలను అలంకరించి ఈ పట్టణానికి ఊరేగింపుగా తెస్తారు. వీటిని ఇక్కడ లాఠీలు అంటారు.

ఈ సంస్థానాన్ని పాలించిన విక్రమదేవవర్మ (1869–1951) గొప్ప సాహిత్యాభిమాని. తెలుగు, ఒడియా భాషలను ఆదరించాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు విరాళంగా ఇచ్చాడు. విశాఖపట్నంలోని విజ్ఞానశాస్త్ర కళాశాలకు ఆయన పేరు పెట్టారు. 1947లో జయపురంలో ప్రారంభమైన కళాశాలకు కూడా ఆయన పేరే పెట్టారు.

అక్కడి నుంచి బజారుకు నడవండి. కొండల నుంచి వచ్చిన ఆదివాసులు అల్లం, పసుపు, కూరగాయలు అమ్ముతుంటారు. మన ఇళ్ళలో చోళ్ళు అనే గింజను ఇక్కడివారు మాండియా అంటారు. కాలాజీరా అనే సువాసనగల బియ్యం కోసం అడిగి చూడండి. కొరాపుట్ కాలాజీరాకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఎవరినైనా ఫోటో తీయాలంటే ముందు వారిని అడగడం మర్యాద.

బజారులో కాసేపు నిలబడి వినండి. ఒడియా, దేశియా, తెలుగు మాటలు కలిసి వినిపిస్తాయి. ఎందుకిలా? 1936 ఏప్రిల్ 1కి ముందు ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆనాడు ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు కొరాపుట్ జిల్లా అందులో చేరింది. ఇక్కడి తెలుగు కుటుంబాలలో చాలామంది ఎక్కడికీ కదలలేదు. సరిహద్దే జరిగింది. పాఠశాలలో ఒక భాష, ఇంట్లో ఒక భాష, సంతలో మరొక భాష వారికి అలవాటైంది. ఏ భాషనూ వదలకుండా ఉండటమే వారికున్న సంపద.

సాయంకాలం జగన్నాథసాగరం గట్టుకు చేరండి. ఈ పెద్ద చెరువు గాలికి నడక అలసట తీరుతుంది. ఆ రోజు విన్న కొత్త మాటలను అక్కడే పుస్తకంలో రాసుకోండి.

మీది కొరాపుట్ కావచ్చు, రాయగడ కావచ్చు, గుణుపురం కావచ్చు. రోజూ నడిచే వీధిని ఒకసారి కొత్తవారిలా చూడండి. ఆ వీధికి ఆ పేరు ఎలా వచ్చిందో తాతగారినో, అమ్మమ్మనో అడగండి. వారు చెప్పింది రాసి ఉంచండి. ఆ పెద్దల తరువాత ఆ సంగతి చెప్పేవారు ఉండకపోవచ్చు.

ప్రశ్నలు
1. జయపురంలో అనేక భాషలు వినిపించడానికి కారణమేమిటి?
2. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి, జయపురానికి గల సంబంధాన్ని వివరించండి.
3. మీ ఊరిలో ఒక వీధిని గురించి పెద్దలను అడిగి పది వాక్యాలు రాయండి.