దూర కంప్యూటర్లకు రక్షణ కవచం సెక్యూర్ షెల్ - తొలి అనుసంధానంలోనే అప్రమత్తత అవసరం

కార్యాలయంలో కూర్చుని వేరొక నగరంలోని సర్వర్‌ను నిర్వహించడం నేడు సర్వసాధారణమైంది. వెబ్‌సైట్ల నిర్వహణ, ఫైళ్ల బదిలీ వంటి పనులకు సాంకేతిక సిబ్బంది వినియోగించే ప్రధాన సాధనం సెక్యూర్ షెల్. దీనినే క్లుప్తంగా ఎస్.ఎస్.హెచ్. అని వ్యవహరిస్తారు.

పూర్వం వాడుకలో ఉన్న టెల్నెట్ విధానంలో వినియోగదారుని పేరు, పాస్‌వర్డ్ ఎలాంటి మరుగూ లేకుండా నెట్‌వర్క్‌లో ప్రయాణించేవి. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌ల తస్కరణ జరిగిన నేపథ్యంలో, అక్కడి పరిశోధకుడు తాతు యులోనెన్ ఎస్.ఎస్.హెచ్.ను రూపొందించారు. దీని రెండవ రూపాంతరానికి సంబంధించిన ప్రమాణ పత్రాలను ఇంటర్నెట్ ఇంజనీరింగ్ టాస్క్‌ఫోర్స్ 2006లో ప్రచురించింది. ఈ విధానంలో సమాచారమంతా రహస్య సంకేతాలుగా మారి ప్రయాణిస్తుంది. విండోస్‌పై పుట్టీ, లినక్స్‌పై ఓపెన్ ఎస్.ఎస్.హెచ్. విస్తృతంగా వినియోగంలో ఉన్న క్లయింట్ సాఫ్ట్‌వేర్లు.

అయితే అవతల ఉన్నది అసలైన సర్వరా, కాదా అన్నది తేలనిదే ఈ రహస్య సంకేతాల వల్ల ప్రయోజనం ఉండదు. నకిలీ సర్వర్‌కు పాస్‌వర్డ్‌ను ఎంత భద్రంగా పంపినా అది మోసగాని చేతికే చేరుతుంది. అందుకే తొలిసారి అనుసంధానమయ్యేటప్పుడు క్లయింట్ ఆ సర్వర్ గుర్తింపు కీకి సంబంధించిన ‘వేలిముద్ర’ను తెరపై చూపి, అంగీకారం కోరుతుంది. అక్షరాలు, అంకెలతో కూడిన ఈ వరుసను సర్వర్ నిర్వాహకులు ముందుగా తెలియజేసిన దానితో సరిపోల్చిన తరువాతే అంగీకరించాలి. చదవకుండానే సమ్మతి తెలిపితే ఈ రక్షణ ఏర్పాటు నిష్ప్రయోజనమవుతుంది.

అంగీకరించిన కీని క్లయింట్ భద్రపరచుకుంటుంది. తదుపరి అది మారితే తీవ్ర హెచ్చరిక జారీ చేస్తుంది. ప్రతి హెచ్చరికా దాడికి సంకేతం కాకపోవచ్చు. 2023 మార్చిలో గిట్‌హబ్ సంస్థ తన ఆర్.ఎస్.ఎ. రహస్య కీ కొద్దిసేపు బహిర్గతమైన కారణంగా దానిని మార్చింది. ఫలితంగా పలువురు వినియోగదారులకు ఇదే హెచ్చరిక ఎదురైంది. కొత్త వేలిముద్రను సంస్థ బహిరంగంగా ప్రకటించినందున వారు సరిచూసుకోగలిగారు.

పాస్‌వర్డ్‌కు బదులు కీల జంటను వినియోగించడం మరింత శ్రేయస్కరం. పబ్లిక్ కీని సర్వర్‌లో ఉంచి, ప్రైవేటు కీని పాస్‌ఫ్రేజ్ రక్షణతో వినియోగదారుడు తన వద్దనే భద్రపరచుకోవాలి. దానిని ఈ-మెయిల్‌లో పంపరాదు, సహోద్యోగులతోనూ పంచుకోరాదు. సిబ్బంది బదిలీ లేదా పదవీ విరమణ అయిన వెంటనే వారి పబ్లిక్ కీని సర్వర్ నుంచి తొలగించాలి. సర్వర్ల వేలిముద్రలను సిబ్బందికి ఫోను ద్వారా గాని, లిఖితపూర్వకంగా గాని ముందే అందజేయడం నిర్వాహకుల బాధ్యత.